పురుగుమందు తాగిన మనిషికి వెంటిలేటర్ అవసరమవుతుందని ముందే ఎలా తెలుస్తుంది?

నేను కోనసీమలో ఒక చిన్న పట్టణపు ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ వైద్యుడిగా పనిచేస్తున్నాను. పురుగుమందు తాగిన రోగిని తీసుకువచ్చినప్పుడు, ఆ క్షణంలో అతనికి కృత్రిమ శ్వాస కావాలా వద్దా అన్నది తేల్చడం అంత కష్టం కాదు. స్పృహ లేకుండా, నోటి నిండా నురగతో, పెదవులు నీలంగా మారి వచ్చిన మనిషికి శ్వాసనాళంలో గొట్టం వేయక తప్పదని చూసినవారెవరికైనా తెలుస్తుంది. కష్టమంతా రెండో రకం రోగి దగ్గర ఉంటుంది. అతను పేరు చెబుతాడు, ఊరు చెబుతాడు, అట్రోపిన్ అనే విరుగుడు మందుతో ఛాతీ శుభ్రపడుతుంది, మర్నాడు పొద్దునకు ఇడ్లీ అడుగుతాడు. రేపో ఎల్లుండో ఇతని ఊపిరి కండరాలు పనిచేయడం మానేస్తాయా? మానేసేటట్టయితే ఆ సంగతి ఈరోజే పసిగట్టగలమా? ఈ ప్రశ్నకు జవాబు చాలావరకు ఉందని, ఆ జవాబు ఖరీదైన పరీక్షల్లో కన్నా మంచం పక్కనే ఎక్కువగా దొరుకుతుందని నా అభిప్రాయం.

డెల్టాలో ఈ ప్రశ్నకు ఇంత బరువు రావడానికి కారణం మన నదీపాయలే. వెంటిలేటర్లున్న ఐసీయూలు పట్టణాల్లో ఉన్నాయి. పురుగుమందు సీసాలు ఊళ్ళలో, లంకల్లో, పశువుల పాకల్లో, వసారా మూలల్లో ఉన్నాయి. సార్వాలో ఆకుముడతకో కాండం తొలిచే పురుగుకో, దాళ్వాలో దోమపోటుకో తెచ్చిన మందు కొంత వాడగా మిగిలినది ఇంట్లోనే ఉండిపోతుంది. లంక గ్రామం నుంచి రోగిని తీసుకురావాలంటే ముందు పడవ దాటాలి. రాజోలు వైపు నుంచి పాలకొల్లుకో భీమవరానికో పోవాలంటే చించినాడ వంతెన ఎక్కాలి. అమలాపురం నుంచి కాకినాడ ప్రభుత్వ సామాన్య ఆసుపత్రికి యానాం, ఎదుర్లంక మీదుగా సుమారు 60 కిలోమీటర్ల దారి. 2005లో మొదలైన 108 అంబులెన్సు ఈ దారులను ఎంతో దగ్గర చేసింది కానీ, ఊపిరి ఆగిపోయిన తరువాత 60 కిలోమీటర్లంటే దాటలేని దూరమే. ఊపిరి తగ్గబోతున్నదని ఆరు గంటల ముందు తెలిస్తే ఇదే దూరం పెద్ద అడ్డంకి కాదు. కాబట్టి మా వంటి చోట వైద్యుడు రోగికి ఇప్పుడెలా ఉందో చూడటంతో సరిపెట్టుకోకుండా, నాలుగు రోజుల తరువాత ఎలా ఉంటుందో కూడా అంచనా వేయవలసి వస్తుంది.

ఇక్కడ నేను చెబుతున్నది ముఖ్యంగా ఆర్గానోఫాస్ఫరస్ వర్గానికి చెందిన పురుగుమందుల గురించి. నరం నుంచి కండరానికి ఆజ్ఞను మోసుకుపోయే అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని, దాని పని పూర్తికాగానే అసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము విరగ్గొట్టేస్తుంది. ఈ మందులు ఆ ఎంజైమును పట్టి కదలకుండా చేస్తాయి. దానితో అసిటైల్‌కోలిన్ పేరుకుపోయి ఊపిరిని మూడు దారుల్లో దెబ్బతీస్తుంది. మెదడులో శ్వాసను నడిపించే కేంద్రం మందగించడం మొదటి దారి. ఊపిరితిత్తుల్లో నీరు ఊరి, గొట్టాలు బిగుసుకుని, రోగి తన స్రావాల్లో తానే మునిగిపోవడం రెండో దారి. ఛాతీ కండరాలూ, ఛాతీకీ పొట్టకూ మధ్య ఊపిరిని లాగే ఉదరవితానమూ ఎడతెగని ఆజ్ఞలకు అలసి చచ్చుబడటం మూడో దారి. అట్రోపిన్ రెండో దారిని బాగా మూస్తుంది, మొదటి దాని మీద కొంత పనిచేస్తుంది, మూడో దాని మీద దానికి ఏ ప్రభావమూ లేదు. ఎంత అట్రోపిన్ ఇచ్చినా చచ్చుబడిన కండరం లేవదు. ఛాతీ శుభ్రంగా ఉన్నది కదా, గండం గడిచింది కదా అన్న ధీమా ఎందుకు ప్రమాదకరమో ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే అర్థమవుతుంది.

కండరాల పక్షవాతం ఆలస్యంగా కూడా వస్తుందని మన దేశపు వైద్యులు చాలాకాలం క్రితమే గమనించారు. పుణెలో వాడియా బృందం 1974లో ప్రచురించిన పరిశీలనలో, వచ్చిన వెంటనే కనిపించి అట్రోపిన్‌కు లొంగే లక్షణాలను ఒక తరగతిగానూ, తరువాత మొదలై అట్రోపిన్‌కు లొంగని బలహీనతను రెండో తరగతిగానూ విడదీసి చెప్పారు. 1987లో శ్రీలంకకు చెందిన సేనానాయకె, కరళ్లియద్ద ఈ రెండో దానికి ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అని పేరుపెట్టి, విషం శరీరంలో చేరిన 24 నుంచి 96 గంటల మధ్య అది మొదలవుతుందని వివరించారు. శ్రీలంకలోనే ఎడిల్‌స్టన్ బృందం 376 మంది రోగులను గమనించి 2006లో ఇచ్చిన లెక్క నాకు అన్నింటికన్నా ఎక్కువగా ఉపయోగపడింది. వారిలో 90 మందికి, అంటే 24 శాతానికి గొట్టం వేయవలసి వచ్చింది. ఆ 90 మందిలో 52 మందికి ఆసుపత్రికి వచ్చిన రెండు గంటల్లోపే వేశారు. వారు స్పృహ లేనివారు, స్రావాలతో ఉన్నవారు. 29 మంది మాత్రం వచ్చినప్పుడు బాగానే ఉండి, 24 గంటలు దాటిన తరువాత, స్పృహలో ఉండగానే, స్రావాలేమీ లేకుండానే వెంటిలేటర్ మీదకు వెళ్ళారు. అంటే గొట్టం అవసరమైన ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు మొదటి రోజు మనకు నిశ్చింతగా కనిపించిన మనిషే. ఈ రెండు గుంపుల మధ్య గట్టి గోడ లేదని కూడా ఆ బృందమే చెప్పింది. వచ్చీ రాగానే గొట్టం వేసిన వారిలో కొందరికి తెలివి వచ్చినా ఊపిరి బలం రాక, ఆరు రోజుల వరకు గొట్టం తీయలేకపోయారు.

వచ్చిన వెంటనే వేసే అంచనాకు కొలబద్దలు ఉన్నాయి. 1993లో వెలువడిన పెరదెనియ స్కేలు కంటిపాప పరిమాణం, శ్వాస వేగం, గుండె వేగం, కండరాల అదురు, స్పృహ అనే అయిదింటికి సున్నా నుంచి రెండు వరకు మార్కులు వేసి, మూర్ఛ వస్తే మరొకటి కలిపి, మొత్తం 11కు లెక్కిస్తుంది. 3 వరకు తేలిక, 4 నుంచి 7 మధ్యస్థం, 8, ఆ పైన తీవ్రం. దీనికి ఏ యంత్రమూ అక్కరలేదు, ఒక టార్చిలైటూ గడియారమూ చాలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే అట్రోపిన్ మొదలుపెట్టే ముందు ఈ మార్కులు వేసి కాగితం మీద రాసి పంపితే ఎంతో మేలు జరుగుతుంది. అట్రోపిన్ ఇచ్చిన తరువాత కంటిపాపా గుండె వేగమూ మారిపోతాయి కనుక మా దగ్గరకు వచ్చాక ఆ లెక్క వేయలేము. ఇక స్పృహను కొలిచే గ్లాస్గో స్కేలు ఒక్కటే చూసినా చాలావరకు పని జరుగుతుంది. వచ్చేసరికి 15కు 13 కన్నా తక్కువ ఉన్నవారిని ఐసీయూలో ఉంచవలసిన వారిగానే చూడాలి.

అయితే ఈ కొలబద్దలన్నీ మొదటి గంటల గురించే బాగా చెబుతాయి. కొన్ని మందులు కొవ్వులో కరిగి, ఒంట్లో దాక్కుని, మెల్లగా బయటపడతాయి. కొన్ని కాలేయంలో మారిన తరువాత కానీ విషంగా పనిచేయవు. అటువంటి మందు తాగిన మనిషికి మొదటి సాయంత్రం మార్కులు చక్కగా ఉంటాయి. 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన శ్రీలంక అధ్యయనం ఒకే వర్గంలోని మూడు మందులను పోల్చి చూసింది. ఒకదానిలో గొట్టం అవసరమైనవారు 15 శాతం, మరొకదానిలో 35 శాతం. ఏది ఏదో ఇక్కడ రాయను; వైద్యులకు ఆ వివరం ఎక్కడ దొరుకుతుందో తెలుసు, మిగిలినవారికి ఆ పేర్లతో పనిలేదు. కుటుంబ సభ్యులు తెలుసుకోవలసినది ఒక్కటే, రోగితోపాటు సీసాను కూడా తీసుకురావాలి. సీసా కారిపోతూ ఉంటే లేబులుకు ఫోను కెమెరాతో ఫొటో తీసి తెచ్చినా చాలు. లేబులు మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఏదో ఒక రంగు త్రికోణం ఉంటుంది, కింద రసాయనం పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. మాకు కావలసినది ఆ చిన్న అక్షరాలే. కంపెనీ పెట్టిన వ్యాపారనామం ఒకటే అయినా లోపలి రసాయనం వేరుగా ఉండవచ్చు. కొట్టువాడు చెప్పిన పేరు మీదా, పొరుగువారి ఊహ మీదా ఆధారపడి చికిత్స చేయడం కన్నా ఆ లేబులు చూసి చేయడం ఎంతో నయం.

రక్తపరీక్షల దగ్గరకు వస్తే, సూడోకోలినెస్టరేజ్ రిపోర్టు కోసం బంధువులు ఆత్రంగా ఎదురుచూస్తారు. అంకె తక్కువ వస్తే ఏడుస్తారు, కొంచెం పెరిగితే ఊపిరి పీల్చుకుంటారు. ఆ పరీక్ష పనికిరానిదని నేను అనను. విషం ఒంటికి పట్టిందా లేదా అన్నది అది చెబుతుంది, రోజు విడిచి రోజు చేస్తే విషం తగ్గుముఖం పట్టిందో లేదో తెలుస్తుంది. కానీ అది కొలిచేది నరాల సంధుల్లో ఉండే ఎంజైమును కాదు, రక్తంలో తిరిగే దాని బంధువును. కొన్ని మందులు ఆ బంధువునే ఎక్కువగా దెబ్బతీస్తాయి, అప్పుడు అంకె అట్టడుగుకు పడిపోయినా మనిషి కులాసాగా ఉంటాడు. కాలేయ జబ్బు, పోషకాహార లోపం, గర్భం ఉన్నవారికి విషం లేకుండానే ఆ అంకె తక్కువగా ఉంటుంది. ఒక్క రిపోర్టును పట్టుకుని ఫలానావారికి వెంటిలేటర్ అవసరం లేదని నిశ్చయించడం సరికాదు.

నేను అన్నింటికన్నా ఎక్కువగా నమ్మేది మెడను. ఆలస్యంగా వచ్చే పక్షవాతం సాధారణంగా ఒక వరుసలో దిగుతుంది. మెడను ముందుకు వంచే కండరాలు మొట్టమొదట బలహీనపడతాయి. వాటితోపాటు కనురెప్పలు వాలడం, చూపు రెండుగా కనిపించడం, మింగడం కష్టమవడం, మాట ముక్కులోంచి రావడం వంటివి మొదలవుతాయి. తరువాత భుజాలూ తొడలూ. ఆ వెనుక ఊపిరి కండరాలు. చేతి వేళ్ళకు పట్టు చాలాసేపు మిగిలే ఉంటుంది కాబట్టి, చెయ్యి గట్టిగా నొక్కమని అడిగి బాగానే ఉందనుకోవడం పొరపాటు. వెల్లకిలా పడుకోబెట్టి, చేతుల సాయం లేకుండా దిండు మీద నుంచి తల ఎత్తమనాలి. ఎత్తాక అలాగే అయిదు సెకన్లు నిలపమనాలి. నిలిపితే నుదుటి మీద రెండు వేళ్ళతో మెల్లగా వెనక్కి నొక్కి చూడాలి. పొద్దున ఆ ఒత్తిడిని తట్టుకున్న మెడ సాయంత్రానికి తట్టుకోలేకపోతే, మిగిలిన లక్షణాలన్నీ ఎంత బాగున్నా సరే, ఆ రోగి విషయంలో నేను అంబులెన్సు గురించి ఆలోచించడం మొదలుపెడతాను. తల అసలు దిండు వదలకపోతే ఆలోచించడం కూడా ఉండదు, పంపించడమే.

ఈ పరీక్షను మొదటి 24 గంటలు దాటిన తరువాత ప్రతి రెండు మూడు గంటలకు ఒకసారి, రాత్రిళ్ళు కూడా చేయాలి. మా వార్డులో సిస్టర్లు దీన్ని జ్వరం, బీపీ రాసినట్టే చార్టులో రాస్తారు. వైద్యుడు రౌండ్లకు వచ్చినప్పుడు ఒకసారి చూసి వెళ్ళడం చాలదు, ఎందుకంటే ఈ బలహీనత మొదలైన కొన్ని గంటల్లోనే ఊపిరిని అందుకోగలదు. అర్ధరాత్రి నిద్రలేపి తల ఎత్తమంటే రోగి విసుక్కుంటాడు, పక్కనున్న తల్లి కూడా "పడుకోనివ్వండమ్మా, పాపం" అంటుంది. ఎందుకు లేపుతున్నామో ఆమెకు ముందుగానే చెప్పి పెడితే తరువాత ఆమే లేపుతుంది.

రెండోది ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కించడం. గుండె నిండా గాలి పీల్చుకుని, మళ్ళీ పీల్చకుండా ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టమంటాము. ఎంతవరకు వెళ్ళగలడో అది అతని ఊపిరి సామర్థ్యానికి రమారమి కొలత. 20 లోపే ఆగిపోతే ఆందోళన చెందాలని పుస్తకాల్లో చదువుకున్నాము. కానీ మన పదకొండు, పన్నెండు, పదమూడు పలకడానికి పట్టే సమయం అన్ని భాషల్లోనూ ఒకటి కాదు, ఒక్కొక్క మనిషి వేగమూ వేరు. కాబట్టి బయటి అంకెను గుడ్డిగా పట్టుకోకుండా, రోగి మొదటిసారి లెక్కపెట్టినప్పుడు ఎంతవరకు వెళ్ళాడో రాసి పెట్టుకుని, తరువాతి లెక్కలను దానితో పోల్చడం నా పద్ధతి. నిన్న సాయంత్రం ముప్పై దాటినవాడు ఈరోజు మధ్యాహ్నం పద్దెనిమిది దగ్గర ఆగితే అది పెద్ద హెచ్చరిక. చదువుకోని వృద్ధులు లెక్కకు తడబడితే దేవుడి పేరో మనవళ్ళ పేర్లో వరుసగా ఒక ఊపిరిలో చెప్పించి చూడవచ్చు. తగ్గుతున్నదా లేదా అన్నదే ముఖ్యం.

వేలికి తగిలించే పల్స్ ఆక్సిమీటర్ ఈ విషయంలో మనల్ని మోసం చేస్తుంది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టిన మనిషి ఊపిరి సగానికి తగ్గినా అంకె 97, 98 దగ్గరే నిలబడి ఉంటుంది, లోపల మాత్రం బయటకు పోవలసిన కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతూ ఉంటుంది. ఆ అంకె పడిపోయేసరికి మన చేతిలో నిమిషాలే మిగులుతాయి. ధమని రక్తపరీక్ష చేసే వీలుంటే చేయాలి; లేనిచోట శ్వాస వేగం పెరుగుతూ లోతు తగ్గడం, మాట మధ్యలో ఆగి గాలి పీల్చుకోవడం, పీల్చేటప్పుడు పొట్ట పైకి లేవడానికి బదులు లోపలికి పోవడం చూడాలి.

మరొక చిక్కు రోగి అలజడి. మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ, గొట్టాలు పీకుతూ, అరుస్తూ ఉంటే అట్రోపిన్ ఎక్కువైందని అనుకుంటాము. చాలాసార్లు అదే నిజం: ఒళ్ళు వేడిగా, పొడిగా ఉంటుంది, పేగుల చప్పుడు ఆగిపోతుంది, మూత్రం బిగుస్తుంది. అయితే గాలి చాలక కొట్టుకునే మనిషి కూడా ఇలాగే ఉంటాడు. ఆ ఇద్దరినీ వేరుచేయకుండా చేతులు కట్టి నిద్రమందు ఇస్తే, రెండోవాడికి మిగిలి ఉన్న ఊపిరిని కూడా మనమే తీసేసినట్టవుతుంది. నిద్రమందు ఇచ్చే ముందు మెడ చూడాలి, శ్వాస లెక్కపెట్టాలి.

వెంటిలేటర్ అవసరాన్ని అంచనా వేయడమే కాదు, కొంతవరకు తగ్గించవచ్చు కూడా. అట్రోపిన్ 1.8 నుంచి 3 మిల్లీగ్రాములతో, అంటే మన దగ్గర దొరికే 0.6 మిల్లీగ్రాముల ఆంపుల్స్ మూడు నుంచి అయిదింటితో మొదలుపెట్టి, ఛాతీ శుభ్రపడి, గుండె వేగమూ పై రక్తపోటూ 80 దాటి, చంకలు పొడిబారే వరకు అయిదు నిమిషాలకొకసారి రెట్టింపు చేస్తూ పోయి, ఆ తరువాత సన్నని ధారగా ఎక్కించే పద్ధతిని బంగ్లాదేశ్‌లో పాత పద్ధతితో పోల్చి చూశారు. 2012లో ప్రచురించిన ఆ ఫలితాల్లో మరణాలు 22.5 శాతం నుంచి 8 శాతానికి, కృత్రిమ శ్వాస అవసరమైనవారు 24.7 శాతం నుంచి 8 శాతానికి తగ్గారు. విషం పట్టిన ఎంజైమును విడిపించడానికి ఇచ్చే ప్రాలిడాక్సిమ్ విషయంలో ఇంత స్పష్టత లేదు. బారామతిలో జరిగిన అధ్యయనం 2006లో మేలు చూపించింది, శ్రీలంక అధ్యయనం 2009లో చూపించలేదు. నేను వేళకు వచ్చినవారికి ఇస్తాను కానీ, ఇచ్చాను కదా అని మెడ చూడటం మాత్రం మానను. గొట్టం వేయవలసి వచ్చినప్పుడు, కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ వాడకూడదన్న సంగతి కూడా చిన్న ఆసుపత్రుల్లో గుర్తుంచుకోవాలి. దాన్ని విరగ్గొట్టే ఎంజైమే విషం చేతిలో ఉంది కనుక ఆ సడలింపు గంటల తరబడి వదలదు. ఇంట్లో ఉప్పునీళ్ళు తాగించి కక్కించడం వల్ల మందూ నూనె ద్రావకమూ ఊపిరితిత్తుల్లోకి పోయి, లేని వెంటిలేటర్ అవసరాన్ని తెచ్చిపెడుతుంది. ఆ పని ఎవరూ చేయవద్దని ప్రతి ఊరి ఆశా కార్యకర్తతోనూ చెప్పించాలని నా కోరిక.

వరి, కూరగాయల గట్ల మీద కలుపుకు కొట్టే పారాక్వాట్ తాగినవారి సంగతి పూర్తిగా వేరు. పైన చెప్పిన లెక్కలేవీ దానికి పనికిరావు. అక్కడ ఊపిరితిత్తులే గట్టిపడిపోతాయి, ఆక్సిజన్ అనవసరంగా పెట్టడమే హాని చేస్తుంది. లేబులు తీసుకురమ్మని నేను ఇంతగా చెప్పడానికి అది కూడా ఒక కారణం.

రెండో రోజు పొద్దున్న బంధువులు చేతులు కట్టుకుని వచ్చి, "బానే ఉన్నాడు కదండీ, అన్నం కూడా తిన్నాడు, ఇంటికి తీసుకుపోతామండీ" అంటారు. వారి మాటలో తప్పేమీ లేదు. కోతల రోజులై ఉంటాయి, డబ్బు ఖర్చవుతూ ఉంటుంది, ఊళ్ళో నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ ఉంటుంది. అప్పుడు నేను వారిని మంచం దగ్గరకు తీసుకువెళ్ళి, వారి ఎదుటే తల ఎత్తించి, లెక్కపెట్టించి, ఈ బలం అయిదో రోజు వరకు ఇలాగే ఉంటే మీరు తీసుకుపోవచ్చునని చెబుతాను. కళ్ళతో చూసిన తరువాత వారు ఒప్పుకుంటారు. ఈ పక్షవాతం శాశ్వతం కాదని, వెంటిలేటర్ మీద పెట్టినవారంతా పోతారన్న మాట నిజం కాదని, యంత్రం కొన్ని రోజులో రెండు మూడు వారాలో ఊపిరిని మోస్తే కండరాలు తమంతట తాము తేరుకుంటాయని కూడా చెప్పాలి. యంత్రం మీదున్న మనిషికి వినబడుతూ ఉంటుంది, తెలుస్తూ ఉంటుంది, కదలలేడు అంతే. అతని పక్కన నిలబడి ఎందుకు తాగాడో, ఎంత అప్పుందో మాట్లాడుకోవద్దని బంధువులను బతిమాలుతాను.

ఆ ఎందుకు అన్న ప్రశ్నకు కూడా సమయం ఇవ్వాలి, గొట్టం తీసిన తరువాత, ఒంటరిగా, తీర్పు లేకుండా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇటువంటి మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా భావించి చికిత్స ఇవ్వాలని చెబుతున్నది, కేసుకు భయపడి ఆసుపత్రికి తీసుకురావడం ఆలస్యం చేయవలసిన అవసరం లేదు. ఇది చదువుతున్నవారిలో ఎవరికైనా మనసు అలా కుంగిపోయి ఉంటే 14416 నంబరుకు ఫోను చేయండి, అది టెలీ మానస్ వారిది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు, ఏ వేళనైనా ఎత్తుతారు.

పెద్ద ఆసుపత్రికి పంపేటప్పుడు రాసే ఉత్తరం గురించి నా వంటి చోట పనిచేసే తోటి వైద్యులకు ఒక మనవి. "పాయిజనింగ్ కేసు, తదుపరి చికిత్స నిమిత్తం" అన్న ఒక్క వాక్యం సరిపోదు. తాగిన సమయం, లేబులు మీది రసాయనం పేరు, అట్రోపిన్‌కు ముందు కంటిపాప ఎలా ఉంది, మొత్తం ఎన్ని మిల్లీగ్రాముల అట్రోపిన్ ఇచ్చాము, చివరిసారి తల ఎన్ని సెకన్లు నిలిపాడు, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టాడు, ఏ గంటకు అన్నవి రాయాలి. మెడ అప్పటికే వాలిపోయి ఉంటే గొట్టం ఇక్కడే వేసి, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్ వాడగలిగే మనిషిని అంబులెన్సులో తోడు పంపాలి. మెడ ఇంకా నిలుస్తూ ఉంటే, వంతెన దాటేలోపు కనీసం రెండుసార్లు తల ఎత్తించి చూడమని ఆ తోడు వెళ్ళే మనిషికి నేర్పి పంపాలి.